ఆట బాగుంది సరే, ఆ ఇసుక దిబ్బ సంగతేటి?

మొన్న దసరాకి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి మందస వచ్చినాడు. మణికొండ వైపు అపార్ట్‌మెంట్లలో కరెంటు పని చేస్తాడు. రాత్రి అన్నాలు తిని అరుగు మీద కూకుంటే ఫోన్ తీసి ఓ వీడియో చూపించినాడు. సముద్రం ఒడ్డున ఎత్తెత్తు ఇసుక దిబ్బలు, వాటి మధ్యన పచ్చటి గడ్డి, తెల్ల బంతిని కొట్టుకుంటూ నడుస్తన్న నలుగురు మనుషులు.

"మావయ్యా, అచ్చం మన రట్టి తీరం లాగ లేదూ?" అన్నాడు.

లాగే ఉంది. మొగలి పొదలు, జీడి చెట్లు లేవు గానీ దిబ్బల వాలు అదే.

"ఇది స్కాట్లాండ్‌లో ట్రంప్ కట్టిన గోల్ఫ్ కోర్సు. ఆడినోళ్లు చాలామంది బ్రహ్మాండం అంటన్నారు. మరి దాని మీద అంత గొడవ ఎందుకయ్యింది?"

నేను పుట్టి బుద్ధెరిగి గోల్ఫ్ కర్ర ముట్టలేదు. పదో తరగతి తర్వాత నా చదువంతా నాకు నేను చదువుకున్నదే. కానీ వాడి ప్రశ్న నన్ను రెండు వారాలు వదల్లేదు. కూర్చుని చదివినాను. తెలిసింది మీకు చెప్తాను, ఎందుకంటే రేపు మన తీరానికి ఏ ప్రాజెక్టు వచ్చినా ఇదే ప్రశ్న మన ముందుకొస్తాది.

లింక్స్ అంటే ఏటి?

గోల్ఫ్ కోర్సుల్లో రకాలున్నాయి. చెట్లు పెంచి, చెరువులు తవ్వి ఊరి పక్కన కట్టినవి ఒక రకం. సముద్రానికీ పంట పొలాలకీ నడుమ ఉండే ఇసుక నేల మీదవి ఇంకో రకం. వాటినే లింక్స్ అంటారు. మనం ఫోన్లో పంపుకునే లింకుకీ దీనికీ సంబంధం లేదు. గట్టు, మిట్ట అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది.

ఆ నేల దున్నడానికి పెద్దగా పనికిరాదు. వాన పడితే నీరు నిలవదు, ఇంకిపోతాది. ఉప్పు గాలికి చెట్టు ఎదగదు, పొట్టి గడ్డి మాత్రం బతుకుతాది. అక్కడ గొర్రెలు మేసేవి. గడ్డిని కొరికి నున్నగా చేసింది అవే. గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలే తర్వాత బంకర్లనే ఇసుక గుంతలయ్యాయని చెప్పుకుంటారు. అంటే లింక్స్‌కి మొదటి మేస్త్రీ గొర్రె, రెండో మేస్త్రీ గాలి. గోల్ఫ్ పిచ్చి ఉన్నోళ్లకి అలాంటి చోటు పుణ్యక్షేత్రంతో సమానం.

దిబ్బల మీదకి డబ్బు వచ్చింది

ట్రంప్ అధ్యక్షుడు కాకముందు, భవనాల వ్యాపారిగా ఉన్నప్పుడు, 2006లో అబర్డీన్ నగరానికి ఉత్తరాన బాల్మెడీ దగ్గర మెనీ అనే ఎస్టేటు కొన్నాడు. అక్కడి ఇసుక దిబ్బల్లో ఒక విశేషం ఉంది. గాలికి ఇసుక కదులుతా, దిబ్బ మొత్తం ఏటేటా జరుగుతా ఉండేది. అలా కదిలే దిబ్బలు అరుదు. అందుకే ఆ దేశం దానిలో కొంత భాగాన్ని ప్రత్యేక శాస్త్రీయ ప్రాముఖ్యం ఉన్న చోటుగా చట్టం కింద కాపాడింది.

ట్రంప్ చూపించిన లెక్క పెద్దది. వంద కోట్ల పౌండ్ల పెట్టుబడి, రెండు గోల్ఫ్ కోర్సులు, 450 గదుల హోటలు, 950 విడిది ఇళ్లు, 500 మామూలు ఇళ్లు, 6,000 ఉద్యోగాలు. 2007 నవంబర్‌లో స్థానిక కౌన్సిల్ కమిటీ కుదరదంది. స్కాట్లాండ్ ప్రభుత్వం ఆ ఫైలు తన చేతిలోకి తీసుకుని, విచారణ జరిపి, 2008 నవంబర్‌లో అనుమతి ఇచ్చేసింది. దిబ్బలకి నష్టం జరుగుతాదని తెలిసే ఇచ్చింది. ఆర్థిక లాభం అంతకన్నా పెద్దదని వాళ్ల వాదన.

పక్కనున్న ఒక రైతు తన భూమి అమ్మనన్నాడు. అతని ఇంటిని ట్రంప్ పందుల దొడ్డితో పోల్చినాడు. ఆ కథ మీద 2011లో ఒక డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. 2012 జూలైలో కోర్సు తెరిచారు.

ఆడినోళ్ల మాట

ఇక్కడ నేను న్యాయంగా చెప్పాలి. ఆడినోళ్లలో మెచ్చుకున్నోళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రెండు పెద్ద దిబ్బల నడుమ సందులో ఆట సాగుతాదట. పక్క గుంత దగ్గర ఆడుతున్నోడు కనబడడు. ఎత్తుకి ఎక్కితే ఒక్కసారిగా సముద్రం కనబడతాది. గోల్ఫ్ పత్రికలు దాన్ని మంచి కోర్సుల జాబితాల్లో పెట్టాయి.

తిట్టినోళ్లూ ఉన్నారు. పాత లింక్స్ నేల గట్టిగా ఉంటాది, బంతి నేల మీద దొర్లుకుంటూ పోతాది, ఇక్కడ గడ్డి మరీ పచ్చగా మెత్తగా ఉందని కొందరు. ఒక గుంత నుంచి ఇంకో గుంతకి దిబ్బలెక్కి నడవలేక వయసైనోళ్లు అలిసిపోతన్నారని కొందరు. బంతి పొడుగు గడ్డిలో పడితే మరి దొరకదని కొందరు. ఒక్కసారి ఆడ్డానికి వందల పౌండ్లా అని ఇంకొందరు. యజమాని పేరు చూసే ఆడనన్నోళ్లు కూడా ఉన్నారు.

ఇవన్నీ చదివాక నాకొకటి కనబడింది. మెచ్చుకున్నోడూ తిట్టినోడూ ఎక్కువగా మాట్లాడింది గడ్డి గురించి, గాలి గురించి, ధర గురించి. ఆ చోటు అంతకు ముందు ఏ పని చేసేదో ఆ మాటల్లో అరుదుగా వస్తాది. వాళ్ల తప్పు కాదు. హోటల్‌కి పోయినోడిని పులుసు ఎలగుందని అడిగితే పులుసు గురించే చెప్తాడు. చేప ఎవరి చెరువులోంచి వచ్చిందో చెప్పడు. మన పొరపాటు ఏటంటే, పులుసు బాగుందన్న మాటని చెరువు సంగతికి జవాబుగా వాడుకోవడం.

చెరువు సంగతి ఇది. ఇసుక కదలకుండా గడ్డి నాటి దిబ్బల్ని కట్టేశారు. 2020 డిసెంబర్‌లో నేచర్‌స్కాట్ అనే ప్రభుత్వ సంస్థ, ఆ దిబ్బలకిచ్చిన రక్షణ హోదా తీసేస్తున్నామని చెప్పింది. కారణం సులువు. కాపాడాల్సిన ఆ గుణమే అక్కడ మిగల్లేదు. 6,000 ఉద్యోగాల మాటకొస్తే, తెరిచిన ఏళ్ల తర్వాత కూడా కంపెనీ లెక్కల్లో పనిచేసేవాళ్లు వంద లోపే కనిపించారు. 450 గదుల హోటలు లేవలేదు. ఏడాది తర్వాత ఏడాది నష్టాలు చూపించారు. సముద్రంలో 11 గాలిమరలు పెడితే ఆటగాళ్లకి చూపు చెడిపోతాదని ట్రంప్ కోర్టుకెళ్లి, 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయి ఓడిపోయాడు. 2025లో రెండో కోర్సు కూడా తెరిచారు. దానికీ మెప్పులు మొదలయ్యాయి.

మన దగ్గర గోడ

స్కాట్లాండ్ దూరం అనుకుంటే హైదరాబాద్ చూడండి. రాష్ట్రం ఒక్కటిగా ఉన్నప్పుడు, 2000 దశకం మొదట్లో, ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ దుబాయ్ కంపెనీ ఎమ్మార్‌తో కలిసి మణికొండ, నానక్‌రామ్‌గూడ వైపు 535 ఎకరాల్లో పెద్ద ప్రాజెక్టు పెట్టింది. అందులో 235 ఎకరాలు గోల్ఫ్ కోర్సుకే. బౌల్డర్ హిల్స్ అంటారు. పెద్ద పెద్ద రాతి గుండ్ల మధ్య పచ్చిక. ఆడినోళ్లు దేశంలో మంచి కోర్సుల్లో ఒకటంటారు. అయ్యుండొచ్చు.

ఆ గడ్డి కింద ఉన్న కథ వేరు. ప్రభుత్వ వాటా తగ్గించేశారని, స్థలాలు అమ్మిన ధరల్లో మోసం జరిగిందని ఆరోపణలు వచ్చి, 2011లో సీబీఐ కేసు పెట్టింది. అసలు ఆ భూమి దర్గాకి చెందిన వక్ఫ్ భూమి అని ఇంకో వివాదం. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మణికొండలోని 1,654 ఎకరాలు ప్రభుత్వానివే అని తేల్చింది. ఎమ్మార్‌కిచ్చిన నేల కూడా అందులోదే. నేల ఎవరిదో తేలేలోపు దాని మీద ఏళ్ల తరబడి బంతులు దొర్లాయి.

మన ఉద్దానంలో రెండెకరాల జీడి తోట ఉంటే ఓ కుటుంబం నెట్టుకొస్తాది. ఆ లెక్కన 235 ఎకరాలంటే వంద కుటుంబాల పైమాటే. మా మేనల్లుడు రోజూ ఆ గోడ పక్కనుంచే బండి మీద పోతాడు. లోపల ఏముందో వాడికి తెలీదు.

పాత ఆటగాళ్లు వేరేగా ఉండేవోళ్లు

గోల్ఫ్ ఆడేవాళ్లంతా ఇంతే అనుకోకండి. లింక్స్‌లన్నిటికీ పెద్దమ్మ లాంటిది స్కాట్లాండ్‌లోనే సెయింట్ ఆండ్రూస్. ఆ నేల ఊరిది. 1797లో అప్పుల్లో కూరుకుపోయిన ఊరి కౌన్సిల్ దాన్ని అమ్ముకుంటే, కొన్న వ్యాపారులు కుందేళ్లని వదిలి పెంచినారు. గడ్డంతా బొరియలు. అప్పుడు ఊరోళ్లు, ఆటగాళ్లు కలిసి ఏళ్ల తరబడి కొట్లాడారు, కోర్టుకెళ్లారు. 1821లో ఆట తెలిసిన ఓ భూస్వామి కొని ఆ నేలని ఆటకి నిలబెట్టాడు. 1894లో ఊరి కౌన్సిల్ తిరిగి కొనుక్కుంది. ఇప్పటికీ అక్కడి పాత కోర్సులో మామూలు ఆదివారాల్లో ఆట ఉండదు. పిల్లలతో, కుక్కలతో జనం నడుచుకుంటూ పోతారు.

అంటే ఆటకీ ఊరికీ పొత్తు కుదరదని కాదు. పట్టా ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటాది.

మన దిబ్బ ఏ పని చేస్తాది?

మన తీరంలో దిబ్బ ఉత్త ఇసుక కుప్ప కాదు. వాన నీటిని తాగి దాచుకుంటాది. ఉప్పు నీరు లోపలికి రాకుండా అడ్డుంటాది. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు కొబ్బరి, జీడి ఎలగ పడిపోయాయో మీరు చూసినారు. ఆ రోజు అలకీ ఊరికీ మధ్యన ఉన్న మొదటి గోడ దిబ్బే. మంచినీళ్ల కోసం, కిడ్నీ జబ్బులతో ఇన్నేళ్లు ఏడ్చిన ఉద్దానానికి తియ్యటి నీరు దాచే నేల విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

చట్టంలో కూడా ఉంది. తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, 2011లో, అందం కోసమో వినోదం కోసమో ఇసుక దిబ్బల్ని చదును చేయడం, రూపు మార్చడం కూడదంది; 2019లోది కదిలే ఇసుక దిబ్బల్ని చదును చేయడం, రూపు మార్చడం కూడదంటాది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, పంచాయితీలో పనికొస్తాది.

మనకి ఇది కొత్త కాదు. 1940లో అడవి మీద హక్కు కోసం మందస జమీందారుకి ఎదురు నిలబడి గున్నమ్మ పోలీసు తూటాలకి పోయింది. సోంపేటలో బీలని పనికిరాని భూమి అని కాగితం మీద రాసి థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు. 2010 జూలై 14న కాల్పుల్లో మనుషులు పోయాక గానీ అందులో చేపలు, వరి, పశువుల మేత ఉన్నాయని లోకానికి కనబడలేదు. ఇప్పుడు మన మండలంలో, వజ్రపుకొత్తూరులో కార్గో ఎయిర్‌పోర్టు మాట నడుస్తంది.

మేనల్లుడి రెండో ప్రశ్న

ఇదంతా వాడికి చెప్తే ఊరుకోలేదు. "మావయ్యా, ఇక్కడ పని ఉంటే నేను మణికొండ ఎందుకు పోతాను? ఏదీ రానివ్వకపోతే మాలాంటోళ్లం ఏటి చెయ్యాలి?"

ఈ మాటని నేను కొట్టిపారేయలేను. వాడు పోయింది కడుపు కోసం. అందుకే వద్దు అనే ముందు అడగడం నేర్చుకోమంటన్నాను. ఎన్ని ఉద్యోగాలు, ఏ ఉద్యోగాలు, ఎన్నేళ్లు, ఎవరికి? కాగితం మీద రాసిస్తారా? చెప్పినన్ని ఇవ్వకపోతే భూమి వెనక్కి వస్తాదా? ఇప్పుడు ఆ నేల మీద ఎంతమంది బతుకుతన్నారో ఎవరైనా లెక్క కట్టినారా? దిబ్బ చేసే పని రేపు ఎవరు చేస్తారు? బాల్మెడీ జనం ఇవి అడిగినారు. అయినా అనుమతి వచ్చేసింది.

అవతలోడు "వచ్చినోళ్లంతా బాగుందన్నారు" అంటే వాదించకండి. బాగుండొచ్చు. దాని తర్వాత ప్రశ్న అడగండి.

పండగైపోయాక వాడిని ఫలక్‌నుమా ఎక్కించడానికి పలాస స్టేషన్‌కి పోయినాను. సంచిలో వాళ్లమ్మ పెట్టిన జీడిపప్పు, మందస కోవా. బండి కదిలే ముందు కిటికీలోంచి అన్నాడు: "మావయ్యా, మా సైటు దగ్గర టీ కొట్టు ముసలాయన పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నాడు. ఆ గోడ లోపల ముందు ఏటుండేదో ఆయన్ని అడుగుతాను."

అడిగి ఫోన్ చెయ్యమన్నాను.