బడిపంతులు తీర్చిన జట్టు

పరీక్షలు సమీపించిన కొలదీ మన పాఠశాలల కాలపట్టికలో ముందుగా మాయమయ్యేది ఆటల గంట. గూడూరు నుంచి చెన్నై పోయే రైలుమార్గాన వున్న దొరవారిసత్రం వంటి చిన్న ఊళ్ళ బడులు మొదలు మహానగరాల విద్యాలయాల వరకు ఇదే వరుస. లెక్కల మేష్టారికి లభించే మన్నన డ్రిల్లు మేష్టారికి లభించకపోవడం కూడా ఈ దృష్టి ఫలితమే. ఆట వేరు, చదువు వేరు అనే ఈ భావం ఎంత పొరపాటో తెలుసుకోవాలంటే సయ్యద్ అబ్దుల్ రహీం జీవితాన్ని ఒకసారి పరికించడం మంచిది. భారత ఫుట్‌బాల్ జట్టును ఆసియాఖండంలో అగ్రస్థానాన నిలబెట్టిన ఆ మహాశిక్షకుడు వృత్తిరీత్యా హైదరాబాదులో ఒక బడిపంతులు.

రహీం 1909వ సంవత్సరంలో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రోజులలోనే బంతి ఆటలో పేరు తెచ్చుకొన్నారు. పట్టభద్రులైన పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. వ్యాయామవిద్యలో ప్రత్యేకశిక్షణ పొంది, ఆటలు నేర్పే బాధ్యతను కూడా స్వీకరించారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శియై తుదిశ్వాస వరకు ఆ పదవిలోనే వున్నారు. జనం ఆయనను ఆప్యాయంగా రహీం సాహెబు అని పిలిచేవారు.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకులైనారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు గెలుచుకొన్నది. కలకత్తా జట్లకు ఎదురులేదని దేశమంతా అనుకొనే కాలంలో దక్కను నుంచి వచ్చిన పోలీసు సిబ్బంది ఆ అభిప్రాయాన్ని తారుమారు చేశారు.

ఈ విజయాల వెనుకనున్న రహస్యం ఏమిటి? అది మంత్రం కాదు, ఉత్తమమైన బోధనాపద్ధతి మాత్రమే. మంచి ఉపాధ్యాయుడు పాఠంలోని కష్టాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని వేరుగా సాధన చేయిస్తాడు. రహీం సాహెబు మైదానంలో చేసినది అదే. బంతిని కాలివద్దనే నిలుపుకొని ఒంటరిగా పరుగులుతీసే అలవాటును మాన్పడానికి, అట్టి పరుగునే నిషేధించి పోటీలు నడిపారు. ఆ పోటీలలో బంతి అందిన వెంటనే తోటివానికి అందించక తప్పదు. కుడికాలి వాటం గలవారు ఎడమకాలిని నిర్లక్ష్యం చేయకుండా, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఏర్పరిచారు. లోపాన్ని తిట్టి పోగొట్టడం సాధ్యం కాదు. లోపం తనంత తాను దిద్దుకొనే పరిస్థితిని కల్పించడమే గురువు నేర్పు.

శిష్యుల స్థితిగతులను గమనించడంలోనూ ఆయన ఉపాధ్యాయుడే. సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో ఒక పేద కుటుంబానికి చెందిన తులసీదాస్ బలరాం ఆటను చూచి, నగరానికి వచ్చి సాధన చేయమన్నారు. అంత దూరం నిత్యం రావడానికి తన వద్ద డబ్బు లేదన్నాడు కుర్రవాడు. సైకిలు అద్దెకు కావలసిన పైకం రహీం సాహెబే ఇచ్చారు. ఆ బలరామే 1960లో రోమ్ ఒలింపిక్సులో హంగరీపై ఒకటి, పెరూపై ఒకటి గోళ్ళు చేశాడు. ఆ పోటీలలో మనదేశం చేసిన గోళ్ళు మొత్తం మూడే. సైకిలు అద్దె ఎంత గొప్ప పెట్టుబడియో దీనివలన తెలుస్తుంది.

రహీం సాహెబు జీవితమంతా విజయపరంపర అని భ్రమపడరాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరానును 1–0 తేడాతో ఓడించి మన జట్టు స్వర్ణపతకం పొందింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. చలిదేశపు గడ్డిమైదానంలో మనవారు పలువురు వట్టికాళ్ళతో ఆడారు. ఆ ఓటమి తరువాతనే బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. పరాజయానికి కారణాలు వెదకి పరులపై మోపడం సులభం. దానినుంచి పాఠం నేర్చుకోవడం కష్టం. రహీం సాహెబు కష్టమైన మార్గాన్నే ఎంచుకొన్నారు. నాలుగేండ్ల తరువాత, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మనజట్టు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో గెలిచి సెమీఫైనలు చేరింది. నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోళ్ళు చేశాడు. సెమీఫైనలులో ఎదురైనది అదే యుగోస్లావియా. ఈసారి ముందుగా గోలు చేసినది భారతదేశమే. చివరకు 4–1 తేడాతో ఓడినా, పదిగోళ్ళ అవమానానికి అది సగౌరవమైన సమాధానం. నాలుగవ స్థానంతో మనజట్టు తిరిగి వచ్చింది. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియాదేశం మనదే.

ఆయన చివరి పాఠం 1962లో జకార్తాలో జరిగింది. అప్పటికే శరీరాన్ని వ్యాధి లోలోపల తినివేస్తున్నది. ఆసియాక్రీడల మొదటి ఆటలోనే దక్షిణకొరియా చేతిలో 2–0 తేడాతో ఓటమి. థాయ్‌లాండుతో ఆటలో రక్షకుడు జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెలు, తైవాన్లను పోటీలకు రానీయలేదన్న వివాదంలో ఒక భారతీయ క్రీడాధికారి పలికిన మాటలకు స్థానికులు ఆగ్రహించి, మనవారు మైదానంలో అడుగుపెడితే చాలు గేలిచేయసాగారు. ఇన్ని చిక్కుల నడుమ రహీం సాహెబు ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టుతో వున్న జర్నయిల్ సింగును వెనుకవరుస నుంచి తప్పించి ముందువరుసలో నిలిపారు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3–2 తేడాతో గెలిచారు. ఫైనలు ముందటి రాత్రి శిష్యులను కూర్చుండబెట్టి, రేపు నాకొక కానుక కావాలి, అది బంగారుపతకం అని కోరినట్లు ఆ జట్టులోనివారు తరువాత చెప్పుకొన్నారు. సెప్టెంబరు 4వ తేదీన, తమను ఓడించిన దక్షిణకొరియానే 2–1 తేడాతో గెలిచి, వారు ఆ కానుక సమర్పించారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, మరొకటి గాయపడిన జర్నయిల్ సింగుది.

మరుసటి సంవత్సరం, 1963 జూన్ 11వ తేదీన, ఊపిరితిత్తుల పుట్టకురుపుతో రహీం సాహెబు కన్నుమూశారు. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం ఏర్పడినది 1985లో. అప్పటికి ఆయన గతించి ఇరువది రెండేండ్లు. ఆయన కుమారుడు, రోమ్ ఒలింపిక్సు జట్టు సభ్యుడు సయ్యద్ షాహిద్ హకీంకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది. ఆయన కథ హిందీలో ‘మైదాన్’ అనే చలనచిత్రంగా వచ్చినది 2024లో. 1962 తరువాత ఆసియాక్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు తిరిగి దక్కలేదు; 1960 తరువాత ఒలింపిక్సులో ఆడే అర్హత కూడా లభించలేదు.

దీనికి కారణాలు పలువురు పలు విధాల చెప్పవచ్చును. కాని ఒక మాట మాత్రం విస్మరించరానిది. ఆ జట్టుకు పునాది పడినది ధనికుల క్రీడాభవనాలలో కాదు. బడి విడిచిన తరువాత సాయంకాలపు వెలుగులో, కాలికి దుమ్మంటిన పిల్లల నడుమ. ఆటల గంటను కాలపట్టికనుంచి కొట్టివేయబోయే చేయి ఒక్క క్షణం ఆగి, ఆ గంటలో ఏ బలరాం ఎదురుచూస్తున్నాడో ఆలోచించినట్లయితే, రహీం సాహెబుకు అంతకుమించిన స్మారకం అక్కరలేదు.