బ్యాంకు (పదం)

బ్యాంకు అనేది ఆంగ్ల భాషలో విరివిగా వాడే పదాలలో ఒకటి. డబ్బు దాచుకొనే సంస్థ, నది గట్టు, మబ్బుల బారు, తెడ్ల వరుస, విమానం పక్కకు ఒరగడం, ఒకరిపై ఆధారపడడం - ఇవన్నీ ఈ ఒక్క పదానికి ఉన్న అర్థాలే. వీటిలో డబ్బుకు, నిల్వకు సంబంధించిన అర్థాలు మాత్రమే తెలుగులోకి వచ్చాయి. గట్టు అనే అర్థం రాలేదు. ఆ అర్థానికి గట్టు, ఒడ్డు, తీరం, కట్ట వంటి పదాలు తెలుగులో ముందునుండే ఉన్నాయి.

పద మూలం

ఈ పదం ఆంగ్లంలోకి వేరువేరు కాలాలలో, వేరువేరు దారులలో ప్రవేశించింది. గట్టు అనే అర్థం గల పదం మధ్య ఆంగ్ల కాలంలో స్కాండినేవియా భాషల నుండి వచ్చింది. డబ్బుకు సంబంధించిన పదం 15వ శతాబ్దం చివరి భాగంలో ఇటాలియన్ నుండి ఫ్రెంచి ద్వారా చేరింది. ఇటాలియన్‌లో "బాంకా", "బాంకో" అంటే బల్ల. నాణేలు మార్చే వర్తకులు సంతలో ఒక బల్ల వేసుకొని దానిపైనే లావాదేవీలు జరిపేవారు. ఆ బల్ల పేరే క్రమంగా వ్యాపారానికి, ఆ తరువాత సంస్థకు స్థిరపడింది.

ఇటాలియన్‌కు ఈ పదం జర్మానిక్ భాషల నుండి వచ్చింది. గట్టు అనే అర్థం గల పదానికి కూడా మూలం జర్మానిక్ భాషలే. అందువలన ఇప్పుడు సంబంధం లేనట్లు కనిపించే ఈ రెండు పదాలు దూరపు చుట్టాలు. బల్లవలె ఎత్తుగా, చదునుగా ఉండే నేల గట్టు అయింది; కూర్చొనే ఎత్తైన పలక బల్ల అయింది.

ఒకే కుటుంబానికి చెందిన పదాలు

*బెంచీ: ఇదే మూలం నుండి పాత ఆంగ్లంలో నేరుగా ఏర్పడిన పదం. తెలుగువారు వాడే బెంచీ, బ్యాంకు రెండూ ఒకే మొక్కకు పుట్టిన కొమ్మలు.
*బ్యాంక్వెట్: విందు అనే అర్థం గల ఈ పదానికి మొదటి అర్థం చిన్న బల్ల.
*బ్యాంక్‌రప్ట్: దివాళా తీసినవాడు. ఇటాలియన్‌లో "విరిగిన బల్ల" అనే మాట దీనికి మూలం. అప్పు తీర్చలేని వర్తకుని బల్లను విరగగొట్టేవారనే కథ ప్రచారంలో ఉంది. అయితే ఆ విశేషణానికి ఇటాలియన్‌లో చితికిపోయిన, ఓడిన అనే అర్థాలు కూడా ఉండడం వలన దీనిని అలంకారికమైన మాటగా కూడా భావిస్తారు.
*మౌంట్‌బ్యాంక్: సంతలో బల్ల ఎక్కి మందులు అమ్మే మోసగాడు. "బల్ల ఎక్కు" అనే ఇటాలియన్ మాట నుండి ఏర్పడింది.

హైదరాబాదులోని ట్యాంక్ బండ్ పేరులో ఉన్న "బండ్" ఈ కుటుంబానికి చెందినది కాదు. అది కట్ట అనే అర్థం గల పారసీక పదం "బంద్" నుండి వచ్చింది.

గట్టు, మెరక, వాలు

నదికి ఇరువైపులా ఎత్తుగా ఉండే నేల మొదటి అర్థం. పశ్చిమాసియాలోని వెస్ట్ బ్యాంక్ ప్రాంతం పేరు ఈ అర్థం నుండే వచ్చింది. అది జోర్డాన్ నదికి పశ్చిమపు ఒడ్డు. 1948 యుద్ధం తరువాత ఆ ప్రాంతం జోర్డాన్ అధీనంలోకి వెళ్ళినప్పుడు ఈ పేరు స్థిరపడింది. 1967 యుద్ధంలో దానిని ఇజ్రాయెల్ ఆక్రమించింది. వార్తలలో ఈ పేరును విన్న విద్యార్థి దానిని ఆర్థిక సంస్థగా పొరపడే అవకాశం ఉంది.

సముద్ర గర్భంలోని మెరకను కూడా బ్యాంకు అంటారు. కెనడా తూర్పు తీరాన ఉన్న గ్రాండ్ బ్యాంక్స్ చేపల వేటకు పేరుపొందిన మెరక ప్రాంతం. దట్టంగా పేరుకొన్న మబ్బు, మంచు, ఇసుక మేటలకు కూడా ఈ పదమే వాడతారు.

గట్టుకు ఉండే వాలు నుండి మరొక అర్థం పుట్టింది. మలుపు తిరిగేటప్పుడు విమానం ఒక రెక్కను దించి ఒరగడం, రోడ్డు మలుపు వద్ద వెలుపలి అంచును ఎత్తుగా కట్టడం ఈ పదంతోనే చెప్పబడతాయి. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, వాలు కోణపు టాంజెంట్ విలువ వేగపు వర్గాన్ని, మలుపు వ్యాసార్ధం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగించగా వచ్చిన దానికి సమానం. ఉదాహరణకు 100 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనానికి సుమారు 6 డిగ్రీల వాలు సరిపోతుంది.

వరుస

ప్రాచీన ఓడలలో తెడ్లు వేసేవారు కూర్చొనే బల్లను పాత ఫ్రెంచిలో "బాంక్" అనేవారు. దాని నుండి తెడ్ల వరుస అనే అర్థం వచ్చింది. గ్రీకుల యుద్ధనౌక ట్రైరీమ్‌కు ఇలాంటి వరుసలు మూడు. మీటల వరుస, దీపాల వరుస అనే ఆధునిక ప్రయోగాలు కూడా ఈ అర్థానికి చెందినవే.

ధన సంస్థ

జెనోవాలో 1407లో ఏర్పడిన సెయింట్ జార్జ్ బ్యాంకు, సియెనాలో 1472లో మొదలైన మోంటే దెయి పాస్కి తొలినాటి ప్రసిద్ధ సంస్థలు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు 1694లో ఏర్పడింది. భారతదేశంలో షరాబులు, సాహుకారులు హుండీల ద్వారా ఈ పనిని అంతకు ముందే చేసేవారు. హుండీ కూడా నానార్థ పదమే: వర్తకులకు అది డబ్బు చెల్లించమని వ్రాసే పత్రం, తెలుగువారికి దేవాలయంలో కానుకలు వేసే పాత్ర.

1806లో మొదలైన బ్యాంక్ ఆఫ్ కలకత్తా 1809లో బ్యాంక్ ఆఫ్ బెంగాల్ అయింది. అది బొంబాయి, మద్రాసు బ్యాంకులతో కలసి 1921లో ఇంపీరియల్ బ్యాంకుగా, 1955లో భారతీయ స్టేట్ బ్యాంకుగా మారింది. భారతీయ రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పని ప్రారంభించింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయం చేయబడి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయింది.

చట్టంలో ఈ పదం

భారతదేశంలో ఏ సంస్థ పడితే ఆ సంస్థ తన పేరులో ఈ పదాన్ని చేర్చుకోవడానికి వీలులేదు. 1949 నాటి బ్యాంకింగు నియంత్రణ చట్టం 7వ విభాగం ప్రకారం బ్యాంకింగు కంపెనీలు కాని కంపెనీలు ఈ పదాన్ని పేరులో వాడరాదు. 2020 సవరణ సహకార సంఘాలపై కూడా ఇటువంటి నిబంధనను విధించింది. కొన్ని సహకార సంఘాలు దీనికి విరుద్ధంగా ఈ పదాన్ని వాడుతున్నాయని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది.

ఇది కేవలం పేరు పట్టింపు కాదు. గుర్తింపు పొందిన బ్యాంకు మూతపడితే డిపాజిటు బీమా క్రింద ఖాతాదారునికి కొంత మొత్తం లభిస్తుంది. ఈ పరిమితిని 2020 ఫిబ్రవరిలో లక్ష రూపాయల నుండి 5 లక్షలకు పెంచారు. బోర్డుపై బ్యాంకు అని వ్రాసుకొన్న సంఘంలో దాచిన సొమ్ముకు ఈ బీమా ఉండదు. పేరును చూసి నమ్మి తన పొదుపును అప్పగించిన కుటుంబం, ఆ సంఘం దివాళా తీసినప్పుడు ఈ తేడా వలన మొత్తం నష్టపోవచ్చు.

నిల్వ

దాచిపెట్టి అవసరమైనప్పుడు తీసుకొనడం అనే పోలిక వలన ఈ పదం ఇతర రంగాలకు వ్యాపించింది. 1937లో చికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో రక్తాన్ని నిలువచేసే కేంద్రాన్ని ఏర్పరచిన వైద్యుడు బెర్నార్డ్ ఫాంటస్ దానికి బ్లడ్ బ్యాంకు అని పేరు పెట్టాడు. నేత్ర బ్యాంకు, విత్తన బ్యాంకు, ప్రశ్నల బ్యాంకు, పవర్ బ్యాంకు ఇటువంటివే. ఓటు బ్యాంకు అనే మాటను సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్.శ్రీనివాస్ 1955లో మైసూరు ప్రాంతపు ఒక గ్రామం గురించి వ్రాసిన వ్యాసంలో వాడాడు. ఊరి పెద్ద తనపై ఆధారపడినవారి ఓట్లను కూడగట్టడాన్ని అది సూచించింది.

అర్థ నిర్ణయం

ఒక పదానికి ఉన్న పలు అర్థాలను వర్గీకరించే సంప్రదాయం భారతదేశంలో పాతదే. అమరకోశం మూడవ కాండలో నానార్థ వర్గం ఉంది. ఒకే మూలం నుండి విస్తరించిన అర్థాలను, వేరువేరు పదాలు ఒకే రూపం పొందడం వలన కలిగిన అర్థాలను నిఘంటుకర్తలు వేరుగా చూస్తారు. అందుకే ఆంగ్ల నిఘంటువులు బ్యాంకును ఒకటి కంటే ఎక్కువ పద్దులుగా ఇస్తాయి.

కంప్యూటర్ అనువాదంలో ఈ పదం ఒక ప్రామాణిక ఉదాహరణ. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ పద్ధతి ఒక పదానికి ఒకే సంఖ్యా రూపాన్ని ఇచ్చేది. గట్టుకు, సంస్థకు అందులో తేడా లేదు. 2018లో వచ్చిన బెర్ట్ వంటి నమూనాలు చుట్టూ ఉన్న పదాలను బట్టి రూపాన్ని మారుస్తాయి. మనిషి చేసేది కూడా ఇదే: పక్కన నది ఉంటే గట్టు అని, ఖాతా ఉంటే సంస్థ అని, విమానం ఉంటే ఒరగడం అని గ్రహిస్తాడు.