దిగడం మానుకోవడం కూడా పైలట్ విద్యే

విమానం రన్‌వే వైపు దిగుతోంది. నేలకు ఇంకా వెయ్యి అడుగులు. ఈపాటికి చక్రాలు బయటికి వచ్చి ఉండాలి. రెక్కల వెనక ఫ్లాప్‌లు తగినంత తెరుచుకోవాలి. వేగం లెక్కకు సరిపోవాలి, దిగే జోరు నిమిషానికి వెయ్యి అడుగులు మించకూడదు. బయట అంతా స్పష్టంగా కనిపిస్తుంటే సర్దుకోవడానికి ఐదు వందల అడుగుల దాకా గడువు ఉంటుంది. అప్పటికీ ఏ ఒక్కటి కుదరకపోయినా దిగడం మానేసి, ఇంజిన్ల జోరు పెంచి మళ్లీ పైకి లేవాలి. పైలట్లు దీన్ని ‘గో అరౌండ్’ అంటారు. మళ్లీ తిరిగి వచ్చి దిగడానికి కొన్ని నిమిషాలు, కొంత ఇంధనం ఖర్చవుతాయి, అంతే. లోపల కూర్చున్నవాళ్లు మాత్రం హడలిపోతారు. నిజానికి విమానం మంచి చేతుల్లో ఉందని ధైర్యం తెచ్చుకోవాల్సిన సమయం అది.

2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో ఈ పని జరగలేదు. కెప్టెన్‌కు పదివేల గంటలకు పైగా అనుభవం ఉంది. దారిలో ఆయన గంటన్నరకు మించి నిద్రపోయారని, నిద్రమత్తు పూర్తిగా వదలక ముందే దిగే పనిలో పడ్డారని విచారణలో తేలింది. విమానం ఉండాల్సినదానికన్నా బాగా ఎత్తులో ఉంది. పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ గో అరౌండ్ చేద్దామని ఒకటికి రెండుసార్లు చెప్పినా కెప్టెన్ ఆగలేదు. విమానం రన్‌వే సగం దాటాక గానీ నేలను తాకలేదు, కొండ అంచు దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు.

పైలట్ కావాలంటే ఏం రావాలని అడిగే పిల్లలకు నేను ముందుగా ఈ సంగతే చెబుతాను. విమానం నడపడం శ్రద్ధగా నేర్చుకుంటే వస్తుంది. అనుకున్న పని అనుకున్నట్టు సాగడం లేదని సకాలంలో ఒప్పుకోవడం, పెద్దాయన పక్కనే ఉన్నా ‘వద్దు సార్, పైకి లేద్దాం’ అని గట్టిగా అనడం అంత తేలిక కాదు. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్పిస్తాం. కాక్‌పిట్‌లో ఆ మొహమాటం ప్రాణాల మీదికి తెస్తుంది. 1977లో టెనెరిఫే దీవిలో, రన్‌వే మీదే రెండు జంబో జెట్‌లు ఢీకొని 583 మంది చనిపోయాక విమానయాన ప్రపంచం ఈ విషయంలో కళ్లు తెరిచింది. కెప్టెన్ వినడం, జూనియర్ చెప్పడం ఇప్పుడు శిక్షణలో భాగం. ‘క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ అంటే ఇదే.

ఇక దారి సంగతి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ కావాలి. బైపీసీ చదివినవాళ్లు మ్యాథ్స్‌ను ఓపెన్ స్కూల్లో రాసి కలుపుకుంటారు. కమర్షియల్ లైసెన్స్‌కు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు విమానం బాధ్యత పూర్తిగా తమదే. నావిగేషన్, వాతావరణం, వైమానిక నిబంధనల వంటి పరీక్షలను పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెడుతుంది. పాసవ్వాలంటే వందకు డెబ్బై రావాలి. రేడియో లైసెన్స్ వేరు. ఫ్లయింగ్ స్కూల్ ఖర్చు అరకోటి దగ్గర ఆగదు. ఆ పైన ఎయిర్‌బస్ 320 వంటి ఒక రకం విమానానికి ‘టైప్ రేటింగ్’ చేయాలి, దానికి మళ్లీ లక్షలు.

లైసెన్స్ చేతికొచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఎదురుచూస్తూ ఏళ్లు గడిపినవాళ్లు ఉన్నారు. అందుకే ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఈ మాట ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఉద్యోగం దొరికితే ఫస్ట్ ఆఫీసర్‌గా మొదలు. 1500 గంటలు పూర్తయ్యాక ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్, ఆ తర్వాత కంపెనీ అవసరాన్ని బట్టి కెప్టెన్ సీటు. రిటైర్మెంట్ 65 ఏళ్లకు. అప్పటిదాకా సిమ్యులేటర్‌లో పరీక్షలు, వైద్య పరీక్షలు వెంటాడుతూనే ఉంటాయి.

డబ్బు లేనివాళ్లకు వైమానిక దళం ఉంది. ఇంటర్ తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారానో, డిగ్రీ తర్వాత వైమానిక దళం పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ద్వారానో ఎంపికైతే శిక్షణకు మనమే డబ్బు కట్టాల్సిన పని లేదు. హైదరాబాద్ పక్కనే దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. హెలికాప్టర్ పైలట్లది ఇంకో దారి, సముద్రంలోని చమురు బావుల దగ్గరికి మనుషుల్ని చేర్చేది వాళ్లే. ఆడపిల్లకెందుకు అనేవాళ్లు ప్రేమ్ మాథుర్ పేరు తెలుసుకోవాలి. ఎన్నో కంపెనీలు కాదన్నాక 1947లో ఆమెకు పైలట్ ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేసే.

ఏ దారి ఎంచుకున్నా, ఫీజు కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోండి. లైసెన్స్ దారిలో ముందు క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్ ఉంటాయి. కళ్లజోడు ఉన్నంత మాత్రాన ఎయిర్‌లైన్ ఆశ వదులుకోనక్కర్లేదు. రంగులు గుర్తుపట్టలేని లోపం మాత్రం పెద్ద అడ్డంకి, అది చాలామందికి అప్పటిదాకా తెలియదు కూడా.