తీగను తాకకుండానే కరెంటు కొలత

రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రంలో తొలి యూనిట్ 1983లో మొదలైంది. అక్కడి నుంచి నాలుగు లక్షల వోల్టుల లైన్లు పొలాల మీదుగా సాగిపోతాయి. తాకితే ప్రాణం తీసే తీగలో ఎంత కరెంటు పారుతున్నదో కొలిచేదెలా?

కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కరెంటు పెరిగితే అదీ పెరుగుతుంది. గాజులోంచి పోయే కాంతి కంపించే దిశను అయస్కాంతం తిప్పుతుందని 1845లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఈ సూత్రంతోనే నేడు పలు దేశాల సబ్‌స్టేషన్లలో వెంట్రుకంత సన్నని గాజు పోగును తీగ చుట్టూ చుట్టి, అందులోంచి కాంతిని పంపుతున్నారు. ఆ దిశ ఎంత తిరిగిందో చూసి కరెంటును లెక్కకడతారు. పాత పరికరాలకు రాగి చుట్లు, నూనె కావాలి. లోపముంటే అవి పేలవచ్చు. గాజులో కరెంటు పారదు గనుక నూనెతో పనిలేదు.

తీగ తెగితే రెప్పపాటులో సరఫరా ఆగేది ఇలాంటి కొలతల వల్లే. అయితే తెగిన తీగ ఎండు నేల మీద పడితే కరెంటు కొద్దిగానే పారుతుంది. ఏ పరికరమూ దాన్ని పసిగట్టకపోవచ్చు. అందుచేత చేలో తీగ పడి ఉంటే, సరఫరా ఆపామని కరెంటు సిబ్బంది చెప్పేదాకా మనుషులు గాని, పశువులు గాని అటు పోరాదు.