మోకాలికి తొమ్మిది నెలల సాధకం

ఆటలో మోకాలు పోయిందంటే యెవరో గుద్దేసి వుంటారనుకుంటాము. చాలాసార్లు అవతలివాడు తాకనైనా తాకడు. కబడ్డీలో కూతకు వెళ్ళిన కుర్రవాడు గిరుక్కున తిరుగుతాడు. షటిలాడే పిల్ల యెగిరి ఒంటికాలిమీద దిగుతుంది. పాదం నేలకు అంటుకునే వుంటుంది, ఒళ్ళు పక్కకు తిరుగుతుంది. లోపల టప్పుమంటుంది. కొన్ని గంటలలో మోకాలు బూరెలా పొంగుతుంది. కీలు నడుమ వుండే లిగమెంటు తెగిందన్నమాట. డాక్టర్లు దానినే ఎ.సి.ఎల్. అంటారు.

దీనిని సాధారణంగా కుట్టి వదలరు. తొడ వెనుకనుంచో, మోకాటిచిప్ప దిగువనుంచో స్నాయువు ముక్క తీసి, ఆ స్థానంలో తాడులా బిగిస్తారు. ఆపరేషను గంటా రెండు గంటల పని. మిగిలినదంతా ఇంటిపని.

ఇంటిలో మొదట అడ్డువచ్చేది ప్రేమే! పిల్లవాడికి హాయిగా వుంటుందని తల్లి మోకాలి కింద దిండు పెడుతుంది. అది కూడదు. మొదటి వారాలలో కాలు వంగడంకన్నా పూర్తిగా చాపుకోవడం ముఖ్యం. వంకర అలాగే నిలిచిపోతే నడక చెడుతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టాలి. తొడ కండరం కూడా కొద్దిరోజులలోనే కరిగిపోతుంది. అందుకని తొడ బిగించి, మోకాలిని పరుపులోకి అదిమి, అయిదు లెక్కపెట్టి వదలడం. పాదం పైకీ కిందికీ ఆడించడం. మడమను పరుపుమీద జార్చి మెల్లగా వంచడం. కాలు వంచకుండా పైకెత్తడం – ఇవి రోజుకు నాలుగైదుసార్లు చేయిస్తారు. చూసేవారికి ఇదేం వ్యాయామమనిపిస్తుంది. చేసేవాడికి చెమటలు పడతాయి. తరువాత నిలిపివుంచిన సైకిలు తొక్కడం, గోడ ఆసరాతో సగం గుంజీలు, మెట్లు. వ్యాయామంవల్ల వచ్చిన వాపు మర్నాటి ఉదయానికీ తగ్గకపోతే ముందురోజు యెక్కువ చేయించినట్టు లెక్క. పిక్క నొప్పిగా గట్టిపడినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. బాసిపట్లు యెప్పుడు వేయవచ్చో కూడా ఆయననే అడగాలి. గుజ్జుపొర కూడా కుట్టివుంటే నియమాలు మారతాయి.

అసలు గండం మూడో నెలలో వున్నది. నొప్పి వుండదు, నడక బాగుంటుంది. "ఇంకేం, ఆడుకోరా" అని మేనమామే అంటాడు! ఊడ్చిన నారు ముందు వాడి, వేరు పట్టాక తేరుకుంటుంది గదా, లోపలి తాడుదీ అదే తీరు. శరీరం దానిలోకి కొత్త రక్తనాళాలు పంపి తనదిగా మలుచుకునే ఆ కాలంలో అది, బిగించిన నాటికన్న బలహీనంగా వుంటుంది. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, నార్వే, అమెరికా వైద్యులు 106 మంది ఆటగాళ్ళను గమనించారు. తొమ్మిదో నెలవరకు ఆట వాయిదా వేసిన ఒక్కొక్క నెలకు మళ్ళీ దెబ్బతినే ప్రమాదం సుమారు సగం తగ్గుతూ వచ్చింది. నెలలు గడిస్తే చాలదు. ఆపరేషనైన కాలి బలం రెండోదానిలో నూటికి తొంభై వంతులైనా వుండాలి, ఒంటికాలి గెంతులో తేడా వుండరాదు.

పుల్లెల గోపీచంద్‌కు 1994లో యీ లిగమెంటే తెగింది. ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. 1996లో జాతీయ ఛాంపియనయ్యాడు. బెంగుళూరులో ప్రకాశ్ పదుకోనె అకాడమీలో సాధన చేసి, 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. లెక్కపెట్టండి, ఏడేళ్ళు! అందరూ మునుపటి స్థాయికి రారు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పడం మంచిది.

ఆడపిల్లలకు యీ దెబ్బ తగిలే అవకాశం మగపిల్లలకన్న యెక్కువ. మోకాళ్ళు లోపలికి వాలకుండా, వంచి, మెత్తగా నేలమీద దిగడం నేర్పించాలి. ఒకసారి తెగినవారికి రెండో మోకాలు కూడా తెగవచ్చు గనుక, ఆ సాధకం రెండు కాళ్ళకూ చేయించాలి.