తేమ చెప్పిన ఆకారం

డీఎన్ఏ ఆకారం ఎలా బయటపడిందంటే ఈ మధ్య చాలామంది చెప్పే కథ ఒకటుంది. లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త ఎంతో శ్రమపడి ‘ఫోటో 51’ అనే ఎక్స్‌రే ఫోటో తీసింది. ఆమెకు చెప్పకుండా దాన్ని కేంబ్రిడ్జి నుంచి వచ్చిన జేమ్స్ వాట్సన్‌కు చూపించారు. చూసీ చూడగానే అతనికి గుట్టు తెలిసిపోయింది. ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి పేరూ నోబెలూ ఎగరేసుకుపోయాడు. ఆమెకు అన్యాయం జరిగిందని చెప్పడానికే అందరూ ఈ కథ చెబుతారు. అన్యాయం జరిగిన మాట నిజమే. కానీ ఈ కథను ఉన్నదున్నట్టు నమ్మితే, ఎనిమిది నెలలకు పైగా తన దగ్గరే ఉన్న ఫోటోలో ఆమెకు అంతుపట్టనిది వాట్సన్‌కు ఒక్క చూపులో అంతుపట్టిందన్నమాట. అంటే చేతిపని ఆమెది, బుర్ర అతనిది. ఆమె తరఫున మాట్లాడుతున్నట్టే ఉంటుంది గానీ, చివరికి ఆమెను మంచి ఫోటోగ్రాఫర్‌ను చేసి కూర్చోబెడుతుంది. అందులో వింతేమీ లేదు. ఈ కథకు మూలం వాట్సన్ 1968లో అచ్చువేసుకున్న ‘ది డబుల్ హెలిక్స్’ అనే పుస్తకమే. ఫ్రాంక్లిన్ వకీళ్ళు ఇన్నాళ్ళుగా ప్రతివాది వాంగ్మూలాన్నే తమ సాక్ష్యంగా చూపిస్తున్నారు. ఆకారాన్ని తేల్చింది ఓపికగా చేసిన కొలతలనీ, వాటిలో ముందువరసలో ఉన్నది తేమ లెక్క అనీ ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది.

అసలు తేలాల్సింది ఏమిటో ముందు చూద్దాం. 1869లో ఫ్రెడ్రిక్ మీషర్ జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఆసుపత్రి కట్లకు అంటిన చీము కణాల నుంచి ఈ పదార్థాన్ని మొదటిసారి వేరుచేశాడు. 1944లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏవరీ, మెక్లౌడ్, మెకార్టీ న్యుమోనియా బాక్టీరియా మీద ప్రయోగాలు చేసి, వంశ లక్షణాలను మోసేది ఇదేనని చూపించారు. ప్రోటీన్ల మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. డీఎన్ఏలో ఏమేం ఉన్నాయో మాత్రం అప్పటికే తెలుసు. చక్కెర, ఫాస్ఫేటు మార్చి మార్చి గుచ్చిన పొడవాటి పేట. దాని పొడుగునా అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు రకాల బేసులు. (ఈ తెలివిడంతా విసుగు పుట్టించే కొలతల మీద కట్టిందే. జీవపదార్థాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో చూడడానికి లాబొరేటరీల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించినది. అలాంటివాటి మీద ఎవరూ నాటకాలు రాయరు.) తెలియనిదల్లా కూర్పు. పేటలు రెండా, మూడా? ఫాస్ఫేట్లు లోపలుండి బేసులు బయటికి చూస్తాయా, లేక బేసులే లోపలా? పేటలన్నీ ఒకే వైపుకు నడుస్తాయా, ఎదురెదురుగా నడుస్తాయా?

1951 జనవరిలో ఫ్రాంక్లిన్ లండన్ కింగ్స్ కాలేజీలో చేరేనాటికి అక్కడ మంచి సరుకే ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నుంచి రుడాల్ఫ్ సిగ్నర్ ఇచ్చిన డీఎన్ఏ అది, దూడ థైమస్ గ్రంథి నుంచి తీసింది. తడిగా ఉన్నప్పుడు బంకలా ఉంటుంది. మొన తగిలించి మెల్లగా పైకి లాగితే తీగపాకంలా సాగుతుంది. అలా లాగిన సన్నటి పోగును కెమెరాలో బిగించి, దాని మీదికి ఎక్స్‌రే కిరణాలు పంపాలి. ఆమె చేసిన అసలు పని ఇక్కడ మొదలైంది. కెమెరాలోకి పంపే హైడ్రోజన్‌ను రకరకాల ఉప్పు ద్రావణాల గుండా పోనిచ్చి, లోపలి తేమ ఏ శాతంలో ఉండాలంటే ఆ శాతంలో నిలబెట్టింది. తేమ 75 శాతం దగ్గర పోగు ఒక రకం ఫోటో ఇచ్చింది. 92 శాతం దాటిస్తే పోగు నీరు పీల్చుకుని పొడవు సాగింది, ఫోటో పూర్తిగా మారిపోయింది. మళ్ళీ ఆరబెడితే మొదటి రూపానికి వచ్చింది. అంటే డీఎన్ఏకు రెండు రూపాలున్నాయి: ఆరినది ‘ఏ’, తడిసినది ‘బి’. అంతకుముందు తీసిన ఫోటోల్లో ఈ రెండూ కలగాపులగమై ఉండేవి, అందుకే ఎవరూ సరిగా చదవలేకపోయారు. ఫోటో 51 తడి రూపానిది. 1952 మే నెలలో, ఆమె శిష్యుడు రేమండ్ గోస్లింగ్‌తో కలిసి, 60 గంటలకు పైగా కిరణాలు పడనిచ్చి తీసినది. వెనుక ఏడాదికి పైగా నడిచిన తేమ లెక్క లేకపోతే ఆ ఫోటోయే లేదు.

తేమ లెక్క ఫోటోలు తీయడానికే కాదు, వాదించడానికీ పనికొచ్చింది. పోగు నీటిని ఇంత తేలిగ్గా పీల్చుకుని, ఇంత తేలిగ్గా వదులుతోందంటే నీటికి ఇష్టమైన భాగం నీటికి అందేచోటే ఉండాలి. ఆ భాగం ఫాస్ఫేటు. కాబట్టి ఫాస్ఫేట్లు బయట, బేసులు లోపల. 1951 నవంబరులో కింగ్స్‌లో జరిగిన సభలో ఆమె ఈ దారిలోనే మాట్లాడింది. వాట్సన్ ఆ సభలో ఉన్నాడు గానీ ఏమీ రాసుకోలేదు; నీటి లెక్కను గుర్తు పెట్టుకున్నదీ తప్పే. ఆ తప్పుడు అంకెతో అతనూ క్రిక్కూ మూడు పేటలు పెనవేసి, ఫాస్ఫేట్లను లోపలికి తోసి ఒక మోడల్ కట్టారు. కింగ్స్ వాళ్ళను పిలిచి చూపిస్తే, ఇంత నీటిని ఎక్కడ పెడతారని ఫ్రాంక్లిన్ అడిగింది. మోడల్ అక్కడే కూలింది. ఇక డీఎన్ఏ జోలికి వెళ్ళవద్దని లాబొరేటరీ పెద్ద లారెన్స్ బ్రాగ్ వాళ్ళిద్దరికీ చెప్పాడు. ఏడాది తర్వాత అమెరికాలో లైనస్ పౌలింగ్ అంతటివాడు కూడా ఆ గోతిలోనే పడ్డాడు. మూడు పేటలు, మధ్యలో ఫాస్ఫేట్లు. పైగా అవి ఒకదాన్నొకటి నెట్టుకోకుండా ఉండాలని హైడ్రోజన్‌లు తగిలించాడు. దాంతో న్యూక్లిక్ యాసిడ్ యాసిడే కాకుండా పోయింది. ఆ కాలపు అతి పెద్ద రసాయన శాస్త్రవేత్తకూ, కేంబ్రిడ్జి జంటకూ ఒకే చోట కాలు జారిందంటే, ఫ్రాంక్లిన్ దగ్గరున్నదీ వాళ్ళ దగ్గర లేనిదీ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఫోటోకు విలువే లేదా అని అడగవచ్చు. చూడగానే తన గుండె వేగం పెరిగిందని వాట్సనే రాసుకున్నాడు కదా! ఆ ఫోటో చాలా చెబుతుందని ఒప్పుకోవాల్సిందే. మధ్యలో కనిపించే కత్తెర గుర్తు పురి తిరిగిన వస్తువుకు, అంటే హెలిక్స్‌కు, ఆనవాలు. మచ్చల మధ్య దూరాలు కొలిస్తే ఒక చుట్టుకు 34 ఆంగ్‌స్ట్రామ్‌లు, బేసుకూ బేసుకూ 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు అని తేలుతుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. కానీ 1953 జనవరి 30న కింగ్స్‌లో ఆమె సహోద్యోగి మారిస్ విల్కిన్స్ చూపించినప్పుడు వాట్సన్ చూసింది కాసేపే. పురి సంగతి అప్పటికే కింగ్స్‌లోనూ కేంబ్రిడ్జిలోనూ నలుగుతున్న మాటే. నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యంగా కనిపించేది మరొకటుంది. 1951లోనే లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ లాబొరేటరీలో ఎల్విన్ బీటన్ దాదాపు అలాంటి ఫోటోయే తీశాడు. అదే కత్తెర గుర్తు. ఆస్ట్‌బరీ దాన్ని పట్టించుకోలేదు, అచ్చుకు పంపలేదు. చూడగానే రహస్యం విప్పే గుణం ఫోటోలోనే ఉంటే, డబుల్ హెలిక్స్ రెండేళ్ళు ముందే లీడ్స్‌లో పుట్టి ఉండేది.

మలుపు తిప్పిన కాగితం ఇంకొకటి, చూడ్డానికి ఏ ఆకర్షణా లేనిది. 1952 డిసెంబరులో కింగ్స్ కాలేజీ పని గురించి మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్‌కు ఒక నివేదిక వెళ్ళింది. అందులో ఫ్రాంక్లిన్ కొలతలున్నాయి. కమిటీ సభ్యుడు మాక్స్ పెరూట్జ్ దాన్ని ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి జంట చేతికిచ్చాడు. ‘ఏ’ రూపం స్ఫటికంలో అణువుల అమరికకు ఫలానా సమరూపత ఉందని ఆమె రాసిన ముక్క క్రిక్ కంటపడింది. దాని అర్థం తెలియాలంటే పేకముక్కలోని రాజును చూడండి. ముక్కను తలకిందులు చేసినా రాజు తల పైనే ఉంటుంది. ఎందుకంటే అందులో ఉన్నది ఇద్దరు రాజులు, ఒకడి తల పైకి, ఇంకొకడి తల కిందికి. డీఎన్ఏ అమరిక కూడా సగం తిప్పితే మారడం లేదంటే, ఒక పేట పైకి నడుస్తుంటే రెండోది కిందికి నడుస్తోందన్నమాట. క్రిక్ తన డాక్టరేట్ కోసం గుర్రం హీమోగ్లోబిన్ మీద పనిచేస్తూ అదే సమరూపతతో రోజూ కుస్తీ పడుతున్నాడు కాబట్టి ఇట్టే పట్టుకున్నాడు. కొలిచిన ఫ్రాంక్లిన్‌కు ఇది తట్టలేదు. తట్టలేదన్నది దాచాల్సిన పని లేదు.

దొంగతనం మాట కూడా తేల్చుకోవాలి. ఆమె కింగ్స్ వదిలి బర్క్‌బెక్ కాలేజీకి వెళ్ళిపోతుండగా గోస్లింగ్ చేతి మీదుగా ఫోటో విల్కిన్స్‌కు చేరింది. అందులో అక్రమం లేదు. నివేదిక మీద రహస్యమనే ముద్ర లేదు. 2023లో మాథ్యూ కాబ్, నథానియెల్ కంఫర్ట్ ‘నేచర్’ పత్రికలో ప్రస్తావించిన ఒక ఉత్తరం చూస్తే, కింగ్స్ సంగతులు పెరూట్జ్ ద్వారా క్రిక్‌కు తెలుస్తూనే ఉంటాయని అక్కడివాళ్ళకూ తెలుసనిపిస్తుంది. కాబట్టి దొంగతనమనను. అయితే మీ అంకెల మీద మోడల్ కడుతున్నామని ఆమెకు ఒక్కమాట చెప్పలేదు. అచ్చయిన వ్యాసంలో ఆమె రుణాన్ని, కింగ్స్ ఫలితాల సాధారణ ధోరణి తెలుసునన్నట్టు పొడిపొడిగా ఒప్పుకున్నారు. తప్పు అక్కడుంది, అది చిన్న తప్పేమీ కాదు.

ఎదురువాదుల్లో బలమైనవాళ్ళు అడిగేది ఇది: బేసులను జంటలు కట్టింది ఎవరు? ఫ్రాంక్లిన్ ‘ఏ’ రూపంతో నెలల తరబడి తలపడింది; 1952 జులైలో గోస్లింగ్‌తో కలిసి హెలిక్స్ చనిపోయిందంటూ నల్ల అంచు కార్డు కూడా వేళాకోళంగా రాసింది. 1953 ఫిబ్రవరి చివరికి రెండు రూపాలూ రెండు పేటలవేనని ఆమె నోట్‌బుక్కులోకి వచ్చింది గానీ, ఏ బేసు దేనితో జతకడుతుందో రాలేదు. ఆ ఘనత వాట్సన్, క్రిక్‌లదే, తగ్గించి చెప్పను. అయితే అది కూడా మరొకరి కొలతల మీదే నిలబడింది. ఏ జీవిలో చూసినా అడినిన్, థైమిన్‌లు సమానంగా, గ్వానిన్, సైటోసిన్‌లు సమానంగా ఉంటాయని ఎర్విన్ చార్గాఫ్ ఎన్నో నమూనాలు పరీక్షించి చెప్పి ఉన్నాడు. పుస్తకాల్లో బేసుల హైడ్రోజన్‌లు తప్పుచోట గీసి ఉన్నాయని పక్కన కూర్చునే జెర్రీ డోనహ్యూ హెచ్చరించాడు. వర్క్‌షాపు నుంచి రేకు ముక్కలు రావడం ఆలస్యమవుతోందని వాట్సన్ గట్టి అట్టను బేసుల ఆకారాల్లో కత్తిరించుకుని, ఫిబ్రవరి 28 ఉదయం బల్ల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. అడినిన్-థైమిన్ జంట, గ్వానిన్-సైటోసిన్ జంట ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలిసేంత సమానంగా వచ్చాయి. అంటే ఏ జంట పడినా రెండు పేటల మధ్య ఎడం మారదు, పేటలు ఎక్కడా ఉబ్బవు, నొక్కుకుపోవు. ఇది ఊహే. కానీ ఫాస్ఫేట్లు బయటే ఉండాలి, పేటలు ఎదురెదురే ఉండాలి, చుట్టు 34 ఆంగ్‌స్ట్రామ్‌లే ఉండాలి అని నాలుగువైపులా కొలతలు కట్టడి చేశాక మిగిలిన చోట చేసిన ఊహ. కట్టడి లేనప్పుడు ఇదే ఇద్దరి ఊహ 1951లో ఏం చేసిందో చూశాం.

ఇంతా చేసి, 1953 ఏప్రిల్ 25న ‘నేచర్’లో వచ్చిన వ్యాసంలోనే ఇంకా కచ్చితమైన ఫలితాలతో సరిచూసేదాకా దీన్ని రుజువు కానిదిగానే భావించాలని వాట్సన్, క్రిక్ రాసుకున్నారు. ఆ జాగ్రత్త వట్టి మర్యాద కాదు. పురిపెట్టిన పేటలు కణం విడిపోయినప్పుడల్లా చిక్కుపడకుండా ఎలా విడివడతాయన్న సందేహం పోలేదు. 1970ల్లో న్యూజిలాండ్‌లో రాడ్లీ బృందం, బెంగళూరులో శశిశేఖరన్ బృందం రెండు పేటలు ఒకదాన్నొకటి చుట్టుకోకుండా పక్కపక్కనే ఉండే మోడళ్ళు ప్రతిపాదించాయి. పోగుల ఫోటోలు ఆ తగువును ఒక్కదెబ్బతో తేల్చలేకపోయాయి. గుండ్రటి డీఎన్ఏలో మెలికలు లెక్కపెట్టిన ప్రయోగాలు, 1980లో డికర్సన్ బృందం పన్నెండు జంటల చిన్న స్ఫటికంలో పరమాణువుల తావులు గుర్తించిన పని కలిసి తేల్చాయి. మళ్ళీ కొలతలే.

1962లో నోబెల్ వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు వచ్చేనాటికి ఫ్రాంక్లిన్ లేదు. 1958 ఏప్రిల్ 16న, 37 ఏళ్ళకే, కేన్సర్‌తో పోయింది. ‘నేచర్’ 1953 ఏప్రిల్ 25 సంచికలో వరుసగా మూడు వ్యాసాలు వేసింది: మొదట వాట్సన్-క్రిక్, తర్వాత విల్కిన్స్ బృందం, చివర ఫ్రాంక్లిన్-గోస్లింగ్. అలా చివర్న ఉండడంతో ఆమె వ్యాసం పై మోడల్‌కు సాక్షి సంతకంలా కనిపిస్తుంది. ఆమె కాగితాల్లో దొరికిన దాని చిత్తుప్రతి మీద 1953 మార్చి 17 అని తేదీ ఉంది. కేంబ్రిడ్జి వాళ్ళ రాతప్రతి కింగ్స్‌కు చేరింది ఆ మర్నాడు. చిత్తుప్రతిలో పురి ఉంది, బయటి ఫాస్ఫేట్లు ఉన్నాయి, బహుశా రెండు పేటలే అన్న మాటా ఉంది. మా ఆలోచనలు వాట్సన్, క్రిక్ మోడల్‌తో పొసగుతున్నాయన్న వాక్యం మాత్రం తర్వాత చేర్చింది.