మేటి ఆట ఏది?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు ఒక వైపున తార్నాక, మరియొక వైపున సీతాఫల్‌మండి. ఈ నడుమ మసలు విద్యార్థిలోకమునకు వాదములకు కొదువ లేదు. ఏ కవి ఘనుడు, ఏ నటుడు మేటి, ఏ బౌలరు నిప్పులు చెరుగును అనుచు టీ కొట్ల ముంగిట గంటలు గడచిపోవుట పాత మాటయే. 2024 సెప్టెంబరులో బుడాపెస్టు నగరమున జరిగిన చదరంగపు ఒలింపియాడులో ఓపెన్ విభాగపు జట్టు, మహిళల జట్టు రెండును స్వర్ణపతకములు గొనివచ్చినవి. వరంగల్లు యువకుడు ఎరిగైసి అర్జున్, గుంటూరు సీమవారగు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఆ జట్లలో నుండిరి. నాటినుండి చదరంగమును ఆ వాదములలో చేరినది. కాని చదరంగముపై వాదము తరచుగా రేటింగు అంకెల కడనే ఆగిపోవుచున్నది. ఎవరి అంకె పెద్దదో వారే గొప్ప! పద్యమును చదువక, ముద్రణప్రతుల సంఖ్య చూచి కవిని మెచ్చుకొనుట ఇట్టిదే.

ఆంగ్లేయులలో ఈ వాదము వేరొక దారి పట్టినది. వారు ఆటగాని విడిచి ఆటను పట్టుకొనిరి. తమ దేశీయులు ఆడిన ఆటలలో ఉత్తమోత్తమమైనది ఏది? ఈ ప్రశ్నకు ఏకగ్రీవమైన జవాబు రాలేదు, రాదు కూడ. జవాబు వెదకుటలో బయటపడు సంగతులు మాత్రము సాహిత్యవిద్యార్థికిని పనికివచ్చును.

మొదటి చిక్కు ‘ఆంగ్లేయుడు’ అనగా ఎవడనుటయే. 1834లో లండనున ఫ్రెంచివీరుడు లాబూర్దొనేతో ఎనుబదికి పైగా ఆటలాడిన మెక్‌డానెల్, బెల్‌ఫాస్టులో పుట్టిన ఐర్లండువాడు. మీర్ సుల్తాన్ ఖాన్ పంజాబువాడు. ఆతడు 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ ఛాంపియను. 1930-31 హేస్టింగ్సు పోటీలో కాపాబ్లాంకాను ఓడించెను. ఒలింపియాడులలో ఇంగ్లండు జట్టునకు మొదటి బల్లపై ఆడెను. ఉమర్ హయాత్ ఖాన్ వెంట సీమకు పోయి, 1933లో ఆయన వెంటనే మరలివచ్చెను. అంతటితో ఐరోపా బల్లలపై ఆతని ఆట ముగిసెను. ప్రపంచ చదరంగ సమాఖ్య ఆతనికి గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదము నిచ్చినది 2024లో, ఆతడు కన్నుమూసిన అర్ధశతాబ్ది దాటిన పిదప! అంత దూరమేల? గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2000లో, పదుమూడేండ్ల ప్రాయమున, బ్రిటిష్ మహిళా ఛాంపియను అయినది. 2002లో మరల గెలిచినది. ఆమెను ఆంగ్లక్రీడాకారిణి యనువారెవరును లేరు. సుల్తాన్ ఖాన్ ఆటలను మాత్రము ఇంగ్లండు ఖాతాలో వ్రాసికొనువారు కలరు. ఈ తగవును ఇచట తీర్చనక్కరలేదు. ఇంగ్లండున పుట్టి పెరిగినవారి ఆటలే చాలినన్ని కలవు.

వారిలో తెలుగు పాఠకునకు వెంటనే ఆత్మీయుడు కాగలవాడు బ్లాక్‌బర్న్. బల్లను చూడక, ఒకేసారి పలువురితో ఆడి గెలుచుట ఆతడు ఆరితేరిన విద్య. మన అష్టావధానములలో చదరంగమొక అంశముగ నుండెడి దినములు కలవు. ఒక ప్రక్క సమస్య, ఒక ప్రక్క నిషిద్ధాక్షరి, నడుమ చదరంగపు టెత్తు చెప్పుట! ఆ ధారణకు అబ్బురపడిన తాతల మనుమలకు బ్లాక్‌బర్న్ పరాయివాడు కాడు. 1914లో, 72వ ఏట, ఆతడు సెయింట్ పీటర్స్‌బర్గు పోటీలో కూర్చుండెను. ఎదుట, ఆతని వయస్సులో సగమైనను లేని నిమ్జోవిచ్. వృద్ధుడు రాజు ముందరి బంటును రెండు గడులు నడుపక, ఒక్క గడియే జరిపి ఆట మొదలిడెను. సామాన్యముగా ఎవరును చేపట్టని ప్రారంభమది. దానితోనే గెలిచెను. ఈ ఆటను తలకెత్తుకొనువారు నిజమునకు మెచ్చునది ముదుసలి సాహసమును. మెచ్చవలసినదే. కాని ఆడినవాని వయస్సునకును ఆట సొగసునకును సంబంధమేమి? పండుటాకు వ్రాసినంత మాత్రమున పద్యము పండునా?

యేట్సు కథ వేరు. (కవి యేట్సు వేరు, ఈతడు వేరు; పరీక్షలలో కలగలుపరాదు.) ఫ్రెడ్ డ్యూహర్‌స్ట్ యేట్సు లీడ్సు ప్రాంతమువాడు. గణాంకవృత్తిని వదలి చదరంగమునే జీవికగా నమ్ముకొనెను. ఆరు మారులు బ్రిటిష్ ఛాంపియను అయ్యును కలిమి నెరుగడు. పత్రికలకు చదరంగపు వార్తలు వ్రాసి కాలము గడపెను. అంతర్జాతీయపు పోటీలలో పట్టికకు అడుగున కనబడుచునే, పై వరుసవారిని ఎప్పుడో ఒకనాడు పడగొట్టుచుండెడివాడు. 1923లో కార్ల్స్‌బాడులో అలేఖిన్‌ను ఓడించిన ఆట ఆతని కీర్తికి ఆధారము. అలేఖిన్ ఆ పోటీలో ప్రథమస్థానమును మరి యిద్దరితో పంచుకొనెను. నాలుగేండ్లకు ప్రపంచ విజేత యయ్యెను. అట్టివానిపై యేట్సు నల్లపావులతో చిక్కుముడి వంటి కూర్పునొకదానిని అల్లి, ఒక్కొక్క పోగును లాగుచు, తెల్లరాజును నిలువనీక చేసెను. ఆట నడచినది ‘కింగ్స్ ఇండియన్’ అను పేర ప్రసిద్ధమైన రక్షణలో. ఈ పేరిట భారతదేశము ఉండుటకు కారణము కలదు: పందొమ్మిదవ శతాబ్ది నడుమ కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ అను వంగీయుడు కాక్రేన్ దొరతో ఆడిన ఆటలలో ఈ పోకడ కానవచ్చినది. ఆంగ్లేయుని ఉత్తమ విజయములలో ఒకటి వంగీయుని బాటలో నడచుట చరిత్రలోని చిన్న చమత్కారము.

యేట్సు 1932లో మరణించెను. బసలో గ్యాసు గొట్టపు అమరిక చెడి, నిద్రలోనే ఆవిరి సోకి పోయెనందురు. పేదవాని ఆట యని జాలిపడి ఓటు వేయువారున్న ఉందురు గాక. ఆ జాలి అక్కరలేని ఆట యది.

టోనీ మైల్సు ఆటను గురించి ఎక్కువ చెప్పనవసరము లేదు. అది కథగా ఎక్కువ, ఆటగా తక్కువ. 1980లో స్వీడను దేశపు స్కారా పట్టణమున, ఐరోపా జట్ల పోటీలో, నాటి ప్రపంచ విజేత కార్పోవ్ రాజు బంటును రెండు గడులు నడిపెను. మైల్సు మారుగా బల్ల యంచున నున్న ఏనుగు బంటును ఒక్క గడి జరిపెను. పాఠశాల పిల్లవాడు అట్లాడినచో గురువు చెవి మెలిపెట్టును. మైల్సు గెలిచెను. ఎత్తులో బలము లేకున్నను ఎత్తు వెనుక గుండె నిబ్బరము కలదు. ఐనను కార్పోవ్ ఆనాడు తన స్థాయికి తగినట్లు ఆడలేదనుటలో అసత్యము లేదు. ప్రతిపక్షి సగము చేయి వేసిన ఆటను మేటి యనరాదు.

ఇక పలువురు వేలు చూపు ఆట: 1991లో హాలండులోని టిల్‌బర్గున నైజెల్ షార్టు, యాన్ టిమ్మన్‌పై గెలిచినది. షార్టువి తెల్లపావులు. టిమ్మన్ ఎన్నుకొన్నది అలేఖిన్ పేరిటి రక్షణ. ప్రతిపక్షి బంటులను మీదికి రానిచ్చి పిదప పడగొట్టు తంత్రము. ఆ తంత్రము ఈ మారు పారలేదు. ముప్పదవ ఎత్తు నాటికి తెల్లమంత్రి నల్లరాజు ముంగిట పాతుకొని కూర్చుండెను. ఒక తెల్లయేనుగు ఏడవ వరుసలో చొచ్చుకొని నిలిచెను. రెండవది వెనుకనుండి దానికి దన్నుగా నుండెను. నల్లవారికి పావులు లేక కాదు. మంత్రి, రెండు ఏనుగులు, ఒక శకటు ఉండియు, మేలు చేయగల ఎత్తు ఒక్కటియు లేదు.

(మంత్రిని ఆంగ్లేయులు రాణి యందురు, మన శకటును మతగురువుగా మార్చుకొనిరి. సైన్యము మనది, వేషము వారిది. సంస్కృతపు చతురంగము పారసీకమున చత్రంగమై, అరబ్బీలో షత్రంజై ఐరోపాకు పోవునప్పటికి బండి దిగి పీఠమెక్కినది.)

తెల్లవారికిని ఒక లోటుండెను. ఆట కట్టించుటకు మంత్రికి తోడుగా మరియొక పావు కావలెను. మిగిలినది ఒక్క గుర్రము. అది కదలినదా, మూల నుండి మూలకు పోవు బాటను కాచుకొనియున్న నల్లమంత్రి, వెనుక నున్న శకటు అండతో వచ్చిపడి తెల్లరాజునే అక్కడికక్కడ కట్టివేయును. ఏనుగులు తమ కాపు విడువరాదు. మరి ఎవరిని పంపుట? షార్టు రాజును పంపెను.

బల్లపై మంత్రులుండగా రాజు గడప దాటరాదని ప్రతి గురువును చెప్పు మొదటి పాఠము. ఇచట తెల్లరాజు కోట వెడలి, ఎత్తుకొక గడి చొప్పున, నడిబల్ల మీదుగా శత్రువు వాకిటికి నడచెను. నల్లవారు ఏనుగును ప్రక్కకు జరిపి, మరల మొదటి గడికే తెచ్చుట వంటి ఎత్తులు తప్ప మరేమియు చేయలేకపోయిరి. నాలుగవ అడుగు పడగానే టిమ్మన్ ఓటమి నంగీకరించెను. ఇంకొక్క అడుగు వేసి రాజు మంత్రి ప్రక్క నిలిచినచో ఆట కట్టే. మొత్తము 34 ఎత్తులు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. నల్లవారు అప్పటికే కాళ్ళు చేతులు కట్టబడియుండిరి. కట్టుబడినవాని ఎదుట ఊరేగుట శౌర్యమా అని కొందరందురు. ఈ మాట తర్కమునకు ఒప్పుగా వినబడును గాని, కట్టివేసినది ఎవరు? ముప్పది ఎత్తుల పాటు ప్రపంచములోని ఉత్తమ క్రీడాకారులలో నొకనిని ఊపిరి సలుపనీయకుండ చేసినవాడు షార్టే. పైగా కట్టుబడినవానిని గెలుచుటకు దారి సిద్ధముగ లేదు. ఆ దారి రాజు పాదముల క్రింద నున్నదని గుర్తించుటే ఆటకు ప్రాణము. అలంకారికులు ఔచిత్యమని దేనినందురో అది ఇచట కలదు. రాజు నడక సాహసము కొరకు చేసిన సాహసము కాదు. అవసరము తెచ్చిన సాహసము. మైల్సు ఎత్తులో ఈ అవసరము లేదు.

యంత్రము వచ్చిన తరువాత వాదము మరియొక మలుపు తిరిగినది. 1997లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించిన నాటినుండి మానవుడాడిన ఏ ఆటకైనను తప్పుల పట్టిక తీయుట సులభమైనది. నేడు ఏ విద్యార్థియైనను చరవాణిలో యేట్సు ఆటను పెట్టి, ఇరువదవ ఎత్తు కడ ఇంతకన్న మంచి ఎత్తు కలదని గురువునకు చూపగలడు. చూపనిండు. వ్యాకరణదోషము లేనంత మాత్రమున పద్యము పద్యము కాదని గురువు ఎరుగును. ఐతే గురువు తెలిసికొనవలసినదియు ఒకటి కలదు: దోషము కూర్పు గుండెలోనే యున్నచో, ప్రతిపక్షి ఒక్క మంచి ఎత్తుతో ఆ కూర్పంతయు కూలునట్లైనచో, ఎంత అందమైనను అది పేకమేడయే. యంత్రమును కొట్టివేయుటకును వీలులేదు, దానికి తీర్పరి పీఠమిచ్చుటకును వీలులేదు.

బలమున యేట్సుది, సాహసమున మైల్సుది ఎన్నదగినవైనను, అగ్రతాంబూలము షార్టు ఆటకే చెల్లును. దానికి మరియొక కారణము కూడ కలదు. యేట్సు కూర్పును అర్థము చేసికొనుటకు ఏండ్ల సాధన కావలెను. షార్టు ఆట అందమును, రాజు ఎట్లు నడచునో మాత్రమే నేర్చిన బాలుడును చూడగలడు. పండితుడును చూచి తనియడు. అట్టి గుణము గల పద్యములు ఏ భాషలోనైనను కొన్నియే యుండును.

షార్టు 1993లో లండనున కాస్పరోవ్‌తో ప్రపంచ పీఠమునకై ఆడి ఓడెను. ఆ పిదప ఆతడు చేసిన పనులలో తెలుగువారికి చెందినది ఒకటి కలదు. ఆతడు శిక్షణ నిచ్చిన యువకులలో హరికృష్ణ యొకడు. 2001లోనే గ్రాండ్‌మాస్టరు అయిన ఈ గుంటూరు బాలుడు 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియరు విజేతగా నిలిచెను.

కనుక తార్నాక టీ కొట్ల కడ అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది: తెలుగువారు ఆడిన ఆటలలో మేటి ఏది? అర్జున్ పక్షమువారు బుడాపెస్టు పదవ రౌండును చూపుదురు. అమెరికాతో పోరున ఆతడు డొమింగెజ్‌ను ఓడించెను. జట్టు రెండున్నరకు ఒకటిన్నరగా గెలిచెను. మూడవ బల్లపై పదునొకండు ఆటలలో పది పాయింట్లు గడించి ఆతడు స్వర్ణపతకము పొందెను. హంపి పక్షమువారు 2024 డిసెంబరు చివర న్యూయార్కులో జరిగిన ర్యాపిడ్ పోటీని చూపుదురు. మొదటి రౌండులోనే ఓడిన హంపి, కడపటి రౌండునకు పలువురితో సమానముగా అగ్రస్థానమున నిలిచినది. ఇండోనేషియా క్రీడాకారిణి సుకందర్‌పై, నల్లపావులతో, గెలుపు తప్ప మరేదియు చాలని వేళ గెలిచి, 2019 తరువాత రెండవ మారు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినది. రెండు వాదములును బలమైనవే. ఐతే రెండును ఆట జరిగిన సమయమును పొగడుచున్నవి గాని, ఏ ఎత్తు కడ ఏ పావు ఏమి చేసినదో చెప్పుటలేదు. ఆ ఎత్తులన్నియు అచ్చుగా దొరకును. బల్ల పరచి, పావులు పేర్చి, మొదటి ఎత్తునుండి ఆడి చూచుటకు ఒక్కొక్క ఆటకు ఒక సాయంకాలము చాలును.